ఫ్రీజర్ వెనక ఐసు గోడ కడుతోందా? డిఫ్రాస్ట్ టైమర్‌ను ఇలా పరీక్షించండి

పై ఫ్రీజర్‌లో ఐసు కడుతూనే ఉంటుంది, కింద మాత్రం పాలు విరిగిపోతాయి, ఇడ్లీ పిండి పొద్దుటికల్లా పులిసి పొంగుతుంది. డబుల్ డోర్ ఫ్రిజ్‌కు ఈ జబ్బు రాగానే ముందుగా వినపడే మాట 'గ్యాస్ అయిపోయింది'. చాలాసార్లు గ్యాస్‌కు ఏమీ కాదు. ఫ్రీజర్ వెనక పలక లోపల ఉండే కాయిల్ మీద ఐసు గోడలా పేరుకుని, చల్లగాలి కిందికి దిగే దారి మూసుకుపోతుంది. ఆ ఐసును ఎప్పటికప్పుడు కరిగించే పని (డిఫ్రాస్ట్) నాలుగు భాగాలది: టైమర్, హీటర్, బైమెటల్ (చలికి మూసుకుని కరెంటు పంపి, వేడికి తెరుచుకుని ఆపే స్విచ్), థర్మల్ ఫ్యూజ్ (వేడి మితిమీరితే తెగి హీటర్‌ను ఆపేది). వీటిలో పోయింది ఏదో తేల్చుకోకుండా గ్యాస్ ఎక్కించినా, టైమర్ మార్చినా డబ్బు పోతుంది గానీ జబ్బు పోదు. టైమర్ ఖర్చు వందల్లో, గ్యాస్ ఖర్చు వేలల్లో. అందుకే టైమర్‌ను చేతితో తిప్పి చూసే పరీక్ష అన్నిటికంటే ముందు చేయాలి.

మీ ఫ్రిజ్‌లో టైమర్ ఉందా?

థర్మోస్టాట్ నాబ్ మధ్యలో నొక్కే బటన్ ఉన్న సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో టైమర్ ఉండదు. అందులో ఐసు కరిగించేది మీరే. ఇన్వర్టర్ కంప్రెసర్, తలుపు మీద డిస్‌ప్లే ఉన్న కొత్త ఫ్రిజ్‌లలో టైమర్ పనిని ఎలక్ట్రానిక్ బోర్డు చేస్తుంది. ఈ రెండూ కాక, నాబ్‌తో నడిచే ఫ్రాస్ట్ ఫ్రీ డబుల్ డోర్ అయితే మెకానికల్ టైమర్ ఉండే అవకాశం ఎక్కువ. వెనక అతికించిన వైరింగ్ బొమ్మలో 'టైమర్' అని రాసి, ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు వేసి ఉంటే అనుమానమే లేదు. ఆ బొమ్మను ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, ముందు ముందు చాలా అవసరం పడుతుంది.

జబ్బు ఏ వైపు ఉంది?

టైమర్ అంటే ఒక చిన్న మోటారు, దాంతో తిరిగే పళ్లచక్రాలు, ఒక స్విచ్. మోడల్‌ను బట్టి ఆరు నుంచి పన్నెండు గంటలు కంప్రెసర్‌కు కరెంటు ఇచ్చి, తర్వాత దాన్ని ఆపి సుమారు ఇరవై, ముప్పై నిమిషాలు హీటర్ వైపు మళ్లిస్తుంది. ఇది ఆగిపోతే, ఎక్కడ ఆగిందన్నదాన్ని బట్టి జబ్బు కనిపిస్తుంది.

కూలింగ్ వైపు ఆగితే కంప్రెసర్ నడుస్తూనే ఉంటుంది, కాయిల్ మీద ఐసు పెరుగుతూ పోతుంది. ఫ్యాన్ రెక్క ఐసుకు తగిలి టరటరమని చప్పుడు వస్తుంది, ఆ తర్వాత ఫ్యానే బిగుసుకుంటుంది. డిఫ్రాస్ట్ వైపు ఆగితే లోపల బల్బు వెలుగుతుంది గానీ కంప్రెసరూ ఫ్యానూ రెండూ నడవవు. ఇంట్లోవాళ్లు కంప్రెసర్ కాలిపోయిందనుకుంటారు.

గ్యాస్ తగ్గిందా, డిఫ్రాస్ట్ పోయిందా అన్నది కాయిల్ చూస్తే తెలిసిపోతుంది. గ్యాస్ తక్కువైతే కాయిల్‌లో గ్యాస్ వచ్చే మొదటి వరసల మీదే మంచు ఉండి మిగతా వరసలు ఖాళీగా కనిపిస్తాయి. డిఫ్రాస్ట్ పోతే కాయిల్ మొత్తం ఒకే గడ్డ. ఇంకో గుర్తు: ఐసంతా కరిగించి మళ్లీ ఆన్ చేస్తే, డిఫ్రాస్ట్ జబ్బున్న ఫ్రిజ్ కొన్ని రోజులు కొత్తదానిలా పనిచేసి మళ్లీ మొరాయిస్తుంది. కరిగించాక కూడా మొదటి రోజు నుంచే చల్లబడకపోతే టైమర్‌ను వదిలి గ్యాస్, ఫ్యాన్, కంప్రెసర్ చూపించండి.

కరెంటు పోయి వచ్చాక కంప్రెసర్ ఎత్తుకోవడం లేదని కంగారు పడేవాళ్లకు ఒక మాట. మెకానికల్ టైమర్ కరెంటు పోయినప్పుడు ఉన్నచోటే ఆగి, వచ్చాక అక్కడి నుంచే కదులుతుంది. డిఫ్రాస్ట్ నడుస్తుండగా కరెంటు పోయిందనుకోండి, తిరిగి వచ్చాక మిగిలిన డిఫ్రాస్ట్ పూర్తయ్యేదాకా కంప్రెసర్ రాదు. మే నెల గాలిదుమారాలప్పుడు దేవరకొండ వైపైనా, అచ్చంపేట వైపైనా కరెంటు వస్తూ పోతూ ఉంటుంది. అలాంటప్పుడు నలభై నిమిషాలు ఆగి చూడండి, అప్పటికీ రాకపోతే మెకానిక్‌కు ఫోన్ చేయవచ్చు.

చేతిలో ఉండాల్సినవి, జాగ్రత్తలు

డిజిటల్ మల్టీమీటర్, స్టార్ స్క్రూడ్రైవర్, చదును మూతి చిన్న స్క్రూడ్రైవర్, సన్న మూతి పక్కడ్, మార్కర్ పెన్ను, టార్చి, పాత బట్టలు. అంతే.

ఈ రాతలో ఏ భాగాన్ని ముట్టుకోమన్నా ముందు ప్లగ్ పీకేయాలి. స్విచ్ ఆపితే చాలదు, కొన్ని ఇళ్లలో స్విచ్ న్యూట్రల్ మీద పడి ఫేజ్ అలాగే ఉంటుంది. ఫ్రిజ్ సాకెట్‌లో మూడో పిన్నుకు ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో కూడా ఈ సందర్భంలో చూపించుకోండి.

ఐసును కత్తితోనో, స్క్రూడ్రైవర్‌తోనో పొడవకండి. కాయిల్ పలుచని అల్యూమినియం, ఒక్క పోటుకు చిల్లు పడుతుంది. కంప్రెసర్ మీది స్టిక్కర్‌పై ఆర్600ఏ అని ఉంటే లోపలిది మండే గ్యాస్, కాబట్టి దాని దగ్గర మంట, గ్యాస్ లైటర్ అసలే వద్దు.

టైమర్ ఎక్కడుంటుంది

కంపెనీని బట్టి మూడు చోట్లలో ఒకచోట: వెనక కింద కంప్రెసర్ పక్కన, కింది గదిలో థర్మోస్టాట్ నాబ్ ఉన్న ప్లాస్టిక్ పెట్టె లోపల, లేదా ముందు కింద కాళ్ల దగ్గరి పట్టీ వెనక. అగ్గిపెట్టెకు రెండింతలుండే తెల్లని లేదా నల్లని ప్లాస్టిక్ డబ్బా, నాలుగు వైర్లు, మధ్యలో స్క్రూడ్రైవర్ పట్టేంత గాడి ఉన్న ఇరుసు. గాడి కొన్నిటిలో పై వైపు, కొన్నిటిలో అడుగున ఉంటుంది.

తిప్పి చూసే పరీక్ష

ఈ పరీక్షను ఫ్రీజర్‌లో ఐసు ఉన్నప్పుడే చేయాలి. ఐసంతా కరిగించాక చేస్తే బైమెటల్ తెరుచుకుని ఉంటుంది, హీటర్ బాగున్నా వేడెక్కదు, మీరు తప్పు భాగం మారుస్తారు.

1. థర్మోస్టాట్‌ను ఎక్కువ కూలింగ్ మీద పెట్టి, కంప్రెసర్ నడుస్తోందో లేదో చెవి పెట్టి వినండి. ప్లగ్ పీకేయండి.

2. చదును స్క్రూడ్రైవర్‌ను గాడిలో పెట్టి గడియారం ముల్లు తిరిగే వైపుకే, మెల్లగా తిప్పండి. 'టక్' అని గట్టిగా వినపడగానే ఆపండి, అది డిఫ్రాస్ట్. దాని తర్వాత కొంచెం కదిలినా రెండో టక్ పడి మళ్లీ కూలింగ్‌లోకి పోతుంది. దాటిపోతే వెనక్కి తిప్పొద్దు, పళ్లచక్రాలు విరుగుతాయి. మళ్లీ ముందుకే తిప్పుకుంటూ రండి.

3. ప్లగ్ పెట్టండి. కంప్రెసర్, ఫ్యాన్ రెండూ నడవకూడదు. కాసేపటికి ఫ్రీజర్ వెనక నుంచి చిటపటలు, వేడి హీటర్ మీద నీటి బొట్లు పడి ఆవిరయ్యే చుయ్యిమనే చప్పుడు వినపడాలి. పది, పదిహేను నిమిషాల్లో కంప్రెసర్ పైనున్న ట్రేలోకి నీళ్లు దిగడం మొదలవుతుంది.

4. చప్పుడు సరిగా తెలియకపోతే ఇంటి కరెంటు మీటర్ చెబుతుంది. ఫ్రిజ్ తప్ప ఇంట్లో అన్నీ ఆపేసి, ఫ్రిజ్ తలుపు మూసి, మీటర్ మీది ఎర్రలైటు నిమిషానికి ఎన్నిసార్లు మిణుకుమంటోందో లెక్కపెట్టండి. మీటర్ ముఖం మీద యూనిట్‌కు ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది. అది 3200 అయితే, 150 వాట్ల హీటర్‌కు నిమిషానికి 8 మిణుకులు రావాలి. 1600 అయితే 4, 6400 అయితే 16. కంప్రెసర్ ఆగి ఉండి ఈ లెక్కకు దగ్గరగా మిణుకులు వస్తే హీటర్ వేడెక్కుతున్నట్టే. లైటు దాదాపు కదలకుండా ఉంటే హీటర్‌కు కరెంటు అందడం లేదు.

హీటర్ వేడెక్కి ఐసు కరిగిందంటే హీటర్, బైమెటల్, ఫ్యూజ్ మూడూ బాగున్నాయి, తనంతట తాను కదలనిది టైమరే. హీటర్ వేడెక్కకపోతే టైమర్ తప్పు కాకపోవచ్చు. మిగతా మూడూ చూడకుండా కొత్త టైమర్ కొనకండి.

పరీక్ష అయ్యాక ప్లగ్ తీసి, రెండో టక్ దాకా తిప్పి, కనీసం ఐదు నిమిషాలు ఆగి ప్లగ్ పెట్టండి. ఆగిన వెంటనే కంప్రెసర్‌ను లేపితే లోపలి ఒత్తిడికి ఎత్తుకోలేక ఓవర్‌లోడ్ (కంప్రెసర్‌ను కాపాడే స్విచ్) ట్రిప్ అవుతుంది.

మోటారు కదులుతోందా?

ఇరుసు మీద, డబ్బా మీద ఒకే వరసలో మార్కర్‌తో గీత గీయండి. థర్మోస్టాట్ ఎక్కువ మీద ఉంచి మూడు, నాలుగు గంటల తర్వాత చూడండి. రెండు గీతలు విడిపోతే మోటారు నడుస్తోంది. ఈలోగా ప్లగ్ తీయొద్దు, థర్మోస్టాట్ ఆఫ్ కావద్దు. చాలా ఫ్రిజ్‌లలో థర్మోస్టాట్ కట్ అయినప్పుడు టైమర్‌కూ కరెంటు ఆగిపోతుంది.

గీత కదలకపోతే ప్లగ్ పీకి, టైమర్ కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్ పట్టండి. ఎక్కువ టైమర్లలో మోటారు కాయిల్ 1, 3 కాళ్ల (పిన్నుల) మధ్య ఉంటుంది. మన 220 వోల్టుల టైమర్లలో అది వేల ఓమ్‌లలో చూపిస్తుంది, ఏడెనిమిది వేలు అన్నది తరచుగా కనిపించే అంకె. మీటర్‌ను 20కే (20k, అంటే 20 వేల ఓమ్‌లు) లేదా 200కే (200k) మీద పెట్టాలి. 2000 మీద పెడితే ఎడమవైపు ఒకటి చూపించి ఊరుకుంటుంది. అది చూసి కాయిల్ తెగిందని మంచి టైమర్లను పారేసేవాళ్లు ఉన్నారు. 200కే మీద కూడా ఏమీ చూపించకపోతే అప్పుడు నిజంగానే తెగింది.

తర్వాత స్విచ్. మీటర్‌ను బీప్ మీద పెట్టండి. కామన్ కాలు (స్విచ్‌లోకి కరెంటు వచ్చేది) కొన్ని టైమర్లలో 1, కొన్నిటిలో 3. కూలింగ్ స్థితిలో 4తో బీప్ ఇచ్చేదే కామన్. కూలింగ్‌లో కామన్‌కు 4తో బీప్ రావాలి, 2తో రాకూడదు. టక్ దాకా తిప్పాక 2తో రావాలి, 4తో రాకూడదు. రెండిటితోనూ వచ్చినా, దేనితోనూ రాకపోయినా టైమర్ మార్చాల్సిందే. మీ వైరింగ్ బొమ్మలో అంకెలు వేరేగా ఉంటే బొమ్మనే నమ్మండి. కాళ్లు నల్లబడి, ప్లాస్టిక్ కరిగినట్టు ఉంటే బీప్ వచ్చినా నమ్మొద్దు. కాలిన కాంటాక్టు మీటర్ బ్యాటరీకి పలుకుతుంది గానీ కంప్రెసర్ కరెంటుకు నిలవదు.

కొత్త టైమర్ వేసినా కదలనప్పుడు

ఇక్కడే ఎక్కువమంది ఇరుక్కుంటారు, కాబట్టి నిదానంగా చదవండి. చాలా మోడళ్లలో టైమర్ మోటారుకు న్యూట్రల్ నేరుగా రాదు, హీటర్, థర్మల్ ఫ్యూజ్‌ల గుండా వస్తుంది. మోటారు ఎనిమిది వేల ఓమ్‌లు, హీటర్ సుమారు మూడు వందలు. రెండూ ఒకే వరసలో ఉన్నప్పుడు 230 వోల్టుల్లో హీటర్ మీద ఎనిమిది వోల్టులే పడి, మిగతాదంతా మోటారుకు చేరుతుంది. అందుకే హీటర్ వేడెక్కదు, మోటారు హాయిగా తిరుగుతుంది.

డిఫ్రాస్ట్ రాగానే స్విచ్, బైమెటల్ కలిసి మోటారును షార్ట్ చేస్తాయి, అంటే దాని రెండు కొసలనూ నేరుగా కలిపేస్తాయి. టైమర్ నిలబడిపోతుంది, పూర్తి కరెంటు హీటర్‌కు పోతుంది. ఐసు కరిగి బైమెటల్ తెరుచుకోగానే మోటారు మళ్లీ కదిలి, కొద్ది నిమిషాల్లో కంప్రెసర్ వైపు మారుస్తుంది. ఆ కొద్ది నిమిషాలు నీళ్లు కారిపోవడానికి.

ఇప్పుడు ఫ్యూజ్ పోయిందనుకోండి. హీటర్‌తో పాటు మోటారుకూ దారి తెగిపోతుంది. కొత్త టైమర్ వేసినా అది కూడా నిలబడే ఉంటుంది. బైమెటల్ మూసుకుపోయి ఇరుక్కుంటే ఇంకో తీరు: ఐసు కరిగినా హీటర్ ఆగదు, చివరికి వేడికి ఫ్యూజ్ ఎగిరి, టైమర్ డిఫ్రాస్ట్‌లోనే చిక్కుకుంటుంది, కంప్రెసర్ రాదు. అలాంటి ఫ్రిజ్‌లో ఫ్యూజ్ ఒక్కటే మార్చి వదిలేస్తే కొత్త ఫ్యూజ్ కూడా ఎగురుతుంది. బైమెటల్, ఫ్యూజ్ జతగా మార్చడమే సరైన పని, చాలా కంపెనీలకు రెండూ ఒకే వైరుకు కలిపి దొరుకుతాయి.

మోటారు ఓమ్‌లు బాగుండి, ఫ్రిజ్‌లో మాత్రం కదలని టైమర్ కనిపిస్తే ముందు ఫ్యూజ్‌నే అనుమానించండి.

హీటర్, బైమెటల్, ఫ్యూజ్

వీటికోసం ఫ్రీజర్ ఖాళీ చేసి వెనక పలక విప్పాలి. స్క్రూలు చిన్న ప్లాస్టిక్ మూతల కింద దాక్కుని ఉంటాయి. చల్లటి ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, తలుపు తెరిచి కొంతసేపు వదిలాక లాగండి. ఐసు పలకను పట్టుకుని ఉంటే టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టండి, ఒక గంజులో వేడినీళ్లు పోసి ఫ్రీజర్‌లో ఉంచినా తొందరగా వదులుతుంది. నల్గొండ, మిర్యాలగూడ ఎండల్లో కొన్ని గంటల్లోనే కరిగిపోతుంది, వానాకాలంలో, చలికాలంలో రాత్రంతా పట్టవచ్చు. కింద బట్టలు పరిచి ఉంచండి.

హీటర్ ఓమ్‌లను దాని వాట్లే చెబుతాయి. 230ని 230తో గుణించి వాట్లతో భాగించండి: 150 వాట్లకు సుమారు 353, 200 వాట్లకు సుమారు 264. దీనికి దగ్గరగా వస్తే మంచిది, ఏమీ చూపించకపోతే తెగింది. ఒక మీటర్ పిన్ను హీటర్ కాలికి, ఇంకోటి కాయిల్ అల్యూమినియంకు తాకించండి. 200కే మీద ఏ అంకె వచ్చినా లీకేజీ ఉన్నట్టే, ఓమ్‌లు బాగున్నా ఆ హీటర్‌ను తీసేయాలి. ఫ్రిజ్ ముట్టుకుంటే జివ్వుమనడానికి ఇలాంటి హీటర్ ఒక కారణం.

ఫ్యూజ్‌కు బీప్ రావాలి, ఓమ్ సున్నాకు దగ్గరగా ఉండాలి. ఇది డెబ్బై డిగ్రీల చుట్టుపక్కల ఒక్కసారి ఎగిరితే అంతే, మళ్లీ అతుక్కోదు. దాన్ని తప్పించి వైరు నేరుగా కలిపేసే మెకానిక్‌లు ఉంటారు. ఒప్పుకోకండి. చుట్టూ ప్లాస్టిక్, థర్మాకోల్ లాంటి ఫోమ్ ఉన్నచోట హీటర్‌ను ఆపే ఆఖరి భాగం అదొక్కటే.

కాయిల్ గొట్టానికి క్లిప్పుతో పట్టించిన గుండ్రటి బిళ్ల బైమెటల్. మామూలు వేడిలో దీనికి బీప్ రాకపోవడమే సరైన తీరు. గడ్డకట్టే చలిలో, సున్నాకు ఐదు నుంచి పది డిగ్రీలు దిగాక మూసుకుని, సున్నాకు పైన పది, పదిహేను డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. ఉత్త ఐసు నీళ్లలో ముంచితే సున్నా దగ్గరే ఆగుతుంది, చాలదు. దంచిన ఐసు మూడు పాళ్లు, కల్లుప్పు ఒక పాలు కలిపి, బిళ్లను పాలిథిన్ సంచిలో చుట్టి ఐదు నిమిషాలు అందులో ఉంచండి. టక్‌మని బీప్ రావాలి, బయటికి తీసి అరచేతిలో పట్టుకుంటే పోవాలి. ఉప్పు ఐసులోనూ రాకపోతే తెరుచుకుని ఇరుక్కుంది, వేడిలోనూ బీప్ వస్తుంటే మూసుకుని ఇరుక్కుంది. బిళ్ల ఉబ్బి కనిపిస్తే పరీక్ష కూడా అక్కర్లేదు. తిరిగి బిగించేటప్పుడు ముందున్నచోటే, గొట్టానికి ఆనుకునేలా పెట్టండి. వదులుగా వేలాడితే చలి దానికి అందదు.

పలక మూసేముందు కాయిల్ కింది కాలువలో ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లు పోయండి. అవి వెనక ట్రేలోకి రావాలి. రాకపోతే పైపులో ఐసో, మురికో అడ్డం పడింది, కరిగిన నీళ్లు మళ్లీ అక్కడే గడ్డకడతాయి, మీరు చేసిన రిపేరంతా వృథా అవుతుంది.

టైమర్ కొనేటప్పుడు, బిగించేటప్పుడు

పాత టైమర్‌ను దుకాణానికి చేతిలో పట్టుకుని వెళ్లండి, ఫోటోతో సరిపెట్టొద్దు. నంబరు, 220–240 వోల్టులు, 50 హెర్ట్జ్, ఎన్ని గంటలకోసారి డిఫ్రాస్ట్, కాళ్ల వరస, ఈ ఐదూ కలవాలి. ఈ మోటారు వేగం కరెంటు హెర్ట్జ్‌ను బట్టే ఉంటుంది. 60 హెర్ట్జ్‌కు మాత్రమే చేసిన పది గంటల టైమర్ మన దగ్గర పన్నెండు గంటలు తీసుకుంటుంది. కాళ్ల వరస తేడా ఉన్నదాన్ని వైర్లు అటూ ఇటూ మార్చి కుదిర్చే పని వైరింగ్ బొమ్మ చదవగలిగినవాళ్లే చేయాలి, పొరపాటైతే హీటర్, కంప్రెసర్ రెండూ ఒకేసారి నడుస్తాయి.

వైర్లను లాగి పీకకుండా కనెక్టర్‌ను పక్కడ్‌తో పట్టి తీయండి. బిగించాక డిఫ్రాస్ట్ టక్ దాకా తిప్పి వదిలేయండి. అది తనంతట తాను కూలింగ్‌లోకి మారితే కొత్త టైమర్ పాసైనట్టే, మార్కర్ గీత మాత్రం మరోసారి గీసి పెట్టండి. కంప్రెసర్ పక్కనుండే టైమర్లు వేడికి గ్రీజు ఎండిపోయి, బొద్దింకలు దూరి పాడవుతాయి. వెనక గోడకు, ఫ్రిజ్‌కు మధ్య అరజానెడైనా ఖాళీ ఉంచి, ఆ మూలను అప్పుడప్పుడు ఊడవండి.

నాలుగో రోజు ఫ్రీజర్ వెనక పలకను చేత్తో తడిమి చూడండి. పలక మీద గట్టి ఐసు పొర లేకుండా, కింది గదిలోకి గాలి ధారగా వస్తుంటే పని కుదిరింది. నాలుగు భాగాలూ మంచివని తేలాక కూడా ఐసు కడుతుంటే తలుపు రబ్బరు చూడండి. ఒక కాగితాన్ని మధ్యలో పెట్టి తలుపు మూసి లాగితే బిగువుగా రావాలి, జారి వచ్చేస్తే అక్కడి నుంచే తేమ గాలి లోపలికి పోతోంది. రబ్బరు గాడిని సబ్బునీళ్లతో కడిగి, వంగిన చోట హెయిర్ డ్రయ్యర్‌తో కొంచెం వేడి చేసి సరిచేయండి, అప్పటికీ పట్టకపోతే రబ్బరు మార్పించండి.